ఉడుత సినిమా చూపించి సారు చెప్పిన నీతి

ఈ నడుమ ఎవల నోట విన్నా గదే మాట. పిల్లల బొమ్మల సినిమాలు పెద్దోళ్లు సూడాల్నట, సూస్తే బతుకు విలువ తెలుస్తదట. అబ్బో! నాకు చెప్పొస్తున్నరు. గా ముచ్చట మా పటాన్‌చెరు ఫ్యాక్టరీల డెబ్బైలల్లనే అయిపోయింది. సంతోషంగ బతుకుడు ఎట్లనో నేర్పేటందుకు మాకు జీతమిచ్చి ఒక సారునే పెట్టిండ్రు.

వెల్ఫేర్ సారు అనేటోళ్లం. కోస్తా దిక్కు నుంచి వచ్చినాయన, అంగీ ఇస్త్రీ నలగనియ్యడు. మా ఇంటాయన అప్పుడు ఫౌండ్రీల టెంపరరీ. మా ఊరు లక్డారంల ఎవుసం ఇడిసిపెట్టి ఫ్యాక్టరీల చేరిండు. ఒక్క తప్పు లేకుంట ఆ ఏడు గడిస్తే పర్మినెంట్ చేస్తమన్నరు. గందుకని జరమొచ్చినా పోయేది, వాన దంచినా పోయేది. ఓవర్‌టైం అంటే ముందుగాల ఈయన్నే పిలిచేది. ఇంట్ల మా బిడ్డకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నయి. నాయిన ఇంటికొస్తే చాలు, కిరాయి అడగనీకి ఓనర్ వచ్చినట్టు నా కొంగు ఎనుక దాక్కునేది. ఆయనకు అది మనసుల కోసేది.

ఒక ఐతారం మధ్యాహ్నం కాంటీన్ల సినిమా అన్నరు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, హాలు నడుమ తెల్ల తెర ఏలాడదీసిండ్రు. ముందు దిక్కు కుర్సీల మీద ఆఫీసర్లు, వాళ్ల ఇంటోళ్లు. మేమందరం తెర ఎనుక, బండల మీద. ఎనుక నుంచి సూస్తే కుడిది ఎడమకొస్తది, ఎడమది కుడికొస్తది. అయితేంది? మాటల్లేని బొమ్మల సినిమా. ఉడుత ఎటు దిక్కు ఉరికితే మాకేం పోయింది!

సినిమా షురూ కాకముందు సారు మైకు పట్టుకున్నడు. “ఈ పూట ఎవరూ పని గురించి ఆలోచించకండి. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. వాళ్లలా నవ్వండి. జీవితమంటే ఇదేనండీ!” అని చేతులు ఊపుకుంట చెప్పిండు. ముందు దిక్కు చప్పట్లు. కొట్టకుంటే బాగుండదని మేము గూడ కొట్టినం.

సినిమాల తండ్రి ఉడుతకు తెల్లారితే కాయలు ఏరుడే పని. పిల్ల ఉడుత ఎనుకెనుక తిరుగుతది, తోక పట్టి గుంజుతది, అది ఇనదు. తండ్రి ఉడుత కాయల కుప్ప మీదికెళ్లి దబ్బున జారి పడ్డకాడ మా బిడ్డ కిలకిల నవ్వింది. నవ్వుకుంటనే నా ఒళ్లెకెళ్లి లేసి పొయ్యి నాయిన ఒళ్లె కూసుంది. ఆయన కదలలే. ఎక్కడ లేసిపోతదోనని ఊపిరి గూడ మెల్లగ తీసుకున్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధమెందుకు చెప్పాలె.

గంతట్లనే సైరన్ కొట్టింది, రెండో షిఫ్టుకు. తెర ఎనుక మగోళ్లు బట్టలు దులుపుకొని లేసిండ్రు. ఈయన లేవలే. మోచేత్తోని పొడిసిన.

“ఏందయ్యా, డ్యూటీకి పోవా?”

“సారు చెప్పిండు గద.”

“ఏం చెప్పిండు?”

“పని గురించి ఆలోచించొద్దన్నడు. బిడ్డను ఒళ్లె కూసోబెట్టుకోమన్నడు. అందరి ముంగట మైకుల చెప్పిండు.”

మా ఊర్ల మాటంటే మాటే. పొలం గట్టు మీద నిలబడి పెద్దమనిషి నోటితోని ఒకటి అన్నడంటే, కాయితం ఎవరూ అడగరు. ఉపన్యాసం అనేది ఒకటుంటదని, దాంట్ల చెప్పింది చెప్పినోడే నమ్మడని ఈయనకెట్ల తెలుస్తది? ఉడుత కాయలు ఇడిసిపెట్టి పిల్లతోని ఎగిరి దుంకేదాక కూసున్నడు. బిడ్డ నవ్వినప్పుడల్ల నవ్విండు.

తెల్లారి మెమో. సంతకం ఎవలదనుకున్నరు? ఆ సారుదే. ఈయన నేరుగ ఆఫీసుకు పొయ్యి, “మీరే చెప్పిండ్రు గద సార్” అని అడిగిండు. “అది సినిమా గురించయ్యా బాబూ, డ్యూటీ గురించి కాదు” అని సారు పడీపడీ నవ్విండట. థూ, ఆ నవ్వు పాడుగాను! ఇప్పటికీ తల్సుకుంటే నా ఒళ్లు మండుతది. ఉడుత మంచిగనే చెప్పింది. గంత పెద్ద హాల్ల దాని మాట ఇన్నోడు ఒక్కడు, మెమో వచ్చింది గూడ ఆ ఒక్కనికే. చెప్పినోడు మాత్రం ముందు వరుసల కూసొని చాయ్ తాగిండు.

పర్మినెంట్ ఆపుతమన్నరు. తప్పు ఒప్పుకుంటే సూస్తమన్నరు. ఈయన సారు టేబుల్ ముంగట చేతులు కట్టుకొని, “ఇగ బిడ్డను ఒళ్లె పెట్టుకొని సినిమాకు కూసోను సార్, మాటిస్తున్న” అన్నడు. సారు మస్తు ఖుష్ అయ్యిండు. మెమో వాపస్ తీసుకున్నడు. ఏడు గడిచినంక పర్మినెంట్ గూడ చేసిండ్రు, నేను గల్లీల అందరికీ శక్కర పంచిన.

మల్లొచ్చిన ఏడు కాంటీన్ల మళ్ల బొమ్మల సినిమా. తండ్రులు తప్పకుంట రావాల్నని సారు ఇంటింటికి మనిషిని పంపిండు, సిగ్గులేకుంట. ఆ ఐతారం ఈయనకు సెలవే. బిడ్డ కొత్త గౌను తొడుక్కొని, నాయిన చెయ్యి పట్టి గుంజబట్టింది.

“నాయినా, జల్దీ రా. నీ ఒళ్లె కూసుంట.”

ఈయన గడప మీదనే కూసొని, మెల్లగ చెయ్యి ఇడిపించుకున్నడు.

“నువ్వు అమ్మతోని పో బిడ్డా. నేను సారుకు మాటిచ్చిన.”