తలుపు వేయించిన నోటరీ

పోయిన ఆషాఢంలో రెండో బుధవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, పాకాలలో మా ఇంటి వెనక గదిలో నేను మంచం మీద కూర్చుని ఉండగా, తిరుపతిలో ఉన్న ఒక నోటరీ మా వాళ్ళందరినీ ఆ గదిలోంచి బయటికి పంపించింది. వారమూ గంటా నాకు ఇంత గట్టిగా గుర్తుండడానికి కారణం ఆమే. మొదలుపెట్టే ముందు రెండూ నా నోటితోనే చెప్పించింది.

ఇల్లు మా నాయనది. నాయన పోయాక నాకూ తమ్ముడికీ ఇద్దరికీ హక్కు. తమ్ముడు పైన ఇంకో మిద్దె వేయాలనుకున్నాడు. అప్పు కావాలంటే ఇల్లు ఒకరి పేరు మీదే ఉండాలని బ్యాంకువాళ్ళు అన్నారట. ఇల్లు తమ్ముడి పేరుకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదని ప్రమాణం చేసి, నోటరీ ముందు నేను సంతకం పెట్టాలి. నేనేమో తుంటి విరిగి మంచాన ఉన్నాను. చిత్తూరు దాకా ఎందుకు, వీధి వాకిలి దాకా కూడా పోలేను.

నా మొగుడు పోయి నేను పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఈ వెనక గదే నాది. దీనికి వేరే తలుపుంది. నా పొయ్యి ఉంది. తమ్ముడు రాయించిన కాగితంలో ఈ గది ఊసే లేదు. అడగాలని ఉంది, అడగలేదు. నా దుప్పట్లు ఉతికి, నన్ను చంటిబిడ్డలా ఎత్తి కూర్చోబెట్టిన మరదలి ముందు "నా గది మాటేంది?" అని ఎట్లా అడిగేది? నాది పెద్ద నోరని వీధంతా అంటారు. నిజమే. ఊళ్ళోవాళ్ళ తగవులకు లేచే ఆ నోరు నా గది దగ్గరికి వచ్చేసరికి లేవలేదు.

చిత్తూరు నుంచి నోటరీనే కారులో పిలిపిద్దామని తమ్ముడు అనుకుంటుంటే, వాడి కూతురు ఫోను పట్టుకుని వచ్చింది.

"ఆయన్ని పిల్చే పనిలేదు నాయనా. నోటరీ ఫోన్లోకే వస్తాది అత్తా."

"ఫోన్లోకి వచ్చి ముద్ర యాడ వేస్తాదే? నా నెత్తినా?"

"నువ్వు ఊరికే కూర్చో. అంతా కంప్యూటర్లోనే."

పక్కింటి దర్జీ భాయ్ సాక్షి. "అక్కా, నేను ప్యాంటు యేసుకోవాల్నా?" అని గోడ మీద నుంచి అడిగాడు. నడుము పైకే కనపడతాదంట, లుంగీతోనే రమ్మన్నాను. మంచి చొక్కా తొడుక్కుని, కింద లుంగీతోనే వచ్చాడు.

నాకు నోటరీ కొత్త కాదు. మొగుడు చనిపోయిన ఏడాది, చిత్తూరులో రోడ్డు పక్క ఒక పందిరి కింద నా చేత వేలిముద్ర వేయించారు. అప్పటికి నాకు అక్షరం రాదు. మా బావ, నా మొగుడి అన్న, నా చెయ్యి పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. నోటరీ ముసలాయన నా వేలు చూశాడు, మొహం చూడలేదు. చెడ్డవాడేం కాదు, వెనక జనం అంతమంది ఉన్నారు. ఎర్ర ముద్ర ధన్‌మని పడింది, మా వాటా పొలం పోయింది. యాభై దాటాక పొదుపు సంఘంలో అక్షరాలు దిద్దుకున్నాను. బస్టాండులో నిలబడి పూతలపట్టు బస్సు బోర్డు చదివిన రోజు, ఎక్కాల్సిన బస్సు వదిలేసి మరీ వచ్చే బస్సుల బోర్డులన్నీ చదువుతూ ఉండిపోయాను.

బుధవారం ఫోనులో అరచెయ్యంత నోటరీ మొహం కనిపించింది. నలభై ఏళ్ళు ఉంటాయేమో. కళ్ళద్దాలు, వెనక గోడకు కట్టలు కట్టలుగా ఫైళ్ళు. ఫోను మూల చిన్న డబ్బాలో ఇంకో మొహం. అది నాదేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. ఆధార్ చూపించమంది. తల కుడికి తిప్పమంది, ఎడమకు తిప్పమంది. తిప్పాను. తిరుపతిలో కూర్చుని ఎవరో నా చెవి వెనక కూడా చూస్తున్నారంటే ఒళ్ళు జలదరించింది.

ఆమె మేనకోడలితో, "ఫోను గదంతా తిప్పి చూపించండి" అంది. చూపించింది.

"ఇప్పుడు మీరందరూ బయటికి వెళ్ళి తలుపు వేయండి. పెద్దామె ఒక్కరే ఉండాలి."

మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆమెకి ఫోను పట్టుకోను రాదు మేడం" అన్నాడు తమ్ముడు.

"దేనికైనా ఆనించండి."

ఉప్పు డబ్బాకు ఆనించారు. "సాక్షి కూడానా మేడం?" అన్నాడు భాయ్.

"మీరు కూడా. తర్వాత పిలుస్తాను."

"సాక్షిని బయట నిలబెట్టేది ఈడే సూస్తాండా" అని గొణుక్కుంటూ పోయాడు. తలుపు పడింది. నేను గొంతు సవరించుకున్నాను. నోటరీ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ఫోనుకు ఇంకొంచెం దగ్గరగా వచ్చింది.

"వంటింటి వైపు గుమ్మానికి అడ్డంగా చీర కట్టారు కదా, దాని కింద మెట్టెలు కనపడుతున్నాయి. ఎవరమ్మా అక్కడ?"

చీర కదిలింది. మరదలు బయటికి వచ్చింది. "నేనే మేడం. వదినకి నీళ్ళు గీళ్ళు కావాల్నేమో అని..."

"నాకు దప్పి లేదులే మే, పో" అన్నాను. పాపం, మోసం చేయాలని కాదు. మా ఇళ్ళలో ఆడదాన్ని ఒక్కదాన్ని వదిలిపెట్టి అందరూ పోవడమంటే ఎవరికీ అర్థం కాదు, అంతే.

గది ఖాళీ అయింది. ఆ నిశ్శబ్దం గురించే నేను ఇదంతా రాస్తున్నది. పెళ్ళి కుదిర్చినప్పుడు గది నిండా జనం. పొలం కాగితం నాడు నా చుట్టూ జనం. నా వయసంతా తిరగేసినా, అందరినీ పంపేసి నన్ను ఒక్కదాన్ని కూర్చోబెట్టి "నీకేం కావాలి?" అని అడిగిన మనిషి కనపడలేదు. ఇన్నాళ్ళకు అడిగిన మనిషి ఈ ఊళ్ళోనే లేదు.

కాగితం చదివి వినిపించింది. అందులో ఏముందో నా మాటల్లో చెప్పమంది. చెప్పాను.

"ఇది మీకు ఇష్టమేనా?"

"బలవంతం ఎవురూ సేయలేదు. నా తమ్ముడు మంచోడు."

"నేను అడిగింది అది కాదమ్మా."

ఫోనులో ఆమె వెనక ఉన్న ఫైళ్ళ వైపు చూశాను. "నేను సంతకం పెట్టకుంటే నీ ఫీజు పోతాదా అమ్మణ్ణీ?" అన్నాను.

ఆమె నవ్వింది. "నా ఫీజు సంగతి నేను చూసుకుంటాను. మీది చెప్పండి."

అప్పుడు చెప్పాను. ఈ గది, పొయ్యి, తలుపు. నేను బతికినంతకాలం ఇది నాదని కాగితంలో ఉండాలని. పైకి అనడం అదే మొదటిసారి.

"మీ కాగితంలో నేను ఒక్క అక్షరం కూడా కలపకూడదు. రాయించుకుని మళ్ళీ రండి. ఇవాళ వద్దన్నారని వీడియో రికార్డులో ఉంటుంది."

"నేను వద్దనింది కూడా దాచిపెడతారా?"

"దాచిపెడతామమ్మా."

అవునన్న వేలిముద్రలు బీరువాల్లో ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. నేను వద్దన్నది మాత్రం, నా గొంతుతో సహా, ఎక్కడో పెట్టి ఉంచారు. ఇప్పటికీ తలుచుకుంటే ఒక్క క్షణం చేతిలో పని ఆగిపోతుంది.

"మంచి పనమ్మా నీది" అన్నాను.

"ఎన్నాళ్ళు ఉంటుందో తెలీదు. కొన్ని ఆఫీసులు ఒప్పుకుంటున్నాయి, కొన్ని అసలు ముద్ర ఎక్కడని తిప్పి పంపుతున్నాయి. చట్టం తేల్చి చెప్పలేదు. ఇంకోపక్క మొహం మిషనే గుర్తుపడుతోంది, సంతకానికి బదులు కోడు నేరుగా ఫోనుకే వస్తోంది, మధ్యలో నోటరీ ఎందుకంటున్నారు."

"మిషను మెట్టెలు సూస్తాదా?"

"రేపో మాపో అదీ చూస్తుందేమోనమ్మా" అంది. నవ్వలేదు.

"మిషను సూసినా, ఆడ ఎవురని అడగాల గదా."

ఇక మీ వాళ్ళను పిలవండంది ఆమె.

మా వాళ్ళను కేకేసి లోపలికి పిలిచాను. సంతకం పెట్టలేదన్నాను, ఎందుకో చెప్పాను. తమ్ముడి మొహం నల్లబడింది.

"నేను నిన్ను ఎల్లగొడతానా అక్కా?"

"నువ్వు ఎల్లగొట్టవురా. నువ్వు నాకంటే ముందు పోతే?"

"నోట్లో మంచి మాటే రాదు నీకు!"

మరదలు నా కాళ్ళ మీద దుప్పటి సర్ది, మొగుడి వైపు తిరిగింది. "ఆ ఒక్క మాట రాయిస్తే నీ మిద్దె ఏమన్నా కూలిపోతాదా? రేపు నాకైనా అదే గతి గదా" అంది. ఆమె నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. తమ్ముడు కాగితం చేతికి తీసుకుని బయటికి పోయాడు. శుక్రవారానికి ఆ మాట చేర్చి తెచ్చాడు, అదే నోటరీ ముందు, మళ్ళీ ఫోనులోనే, సంతకం పెట్టాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఇది చెల్లుతుందా లేదా అని ఇప్పటికీ తిప్పుతున్నారు. చిత్తూరుకే పోవలసి వస్తే కారులో పడుకోబెట్టి తీసుకుపొమ్మన్నాను. గది మాట ఉన్న కాగితం మీద సంతకం ఎక్కడైనా పెడతాను.

ఆ బుధవారం నాడు అక్కడ ఉన్నవాళ్ళం: నా తమ్ముడు, నా మరదలు, నా మేనకోడలు, పక్కింటి దర్జీ భాయ్, తిరుపతి నుంచి నోటరీ, నేను.