ఓడకు ముందు విశాఖ

విశాఖపట్నంలో మాకు దొరికింది ఒక పగలు, ఒక రాత్రి, ఆ మర్నాడు ఇంకో సగం పగలు. ఓడ మర్నాడు మధ్యాహ్నం కదులుతుంది, రెండు రాత్రులు సముద్రం మీద తిప్పి మళ్ళీ విశాఖకే తెచ్చి దింపుతుంది. ఉన్న కాస్త సమయాన్నీ చెరుకుగడలా పిండుకోవాలని నా పట్టుదల. టెక్కలి హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషిని. టైంటేబుల్ వెయ్యందే నాకు ముద్ద దిగదు. మా ఆయన బస్సెక్కితేనే తల తిరిగి పడిపోయే మనిషి, "మీ అమ్మా నువ్వూ వెళ్ళిరండి, నేను ఒడ్డునే బతికేస్తాను" అని ముందే చేతులెత్తేశాడు.

నిజానికి ఈ ప్రయాణం అమ్మ కోసమే. వజ్రపుకొత్తూరు అవతల మా ఊళ్ళో మా గుమ్మంలోంచి చూస్తే సముద్రమే. అమ్మ ఆ ఒడ్డునే పుట్టింది, ఆ ఒడ్డునే పెళ్ళి చేసుకుంది, అక్కడి చేపలే గంపకెత్తుకుని కాశీబుగ్గ బజారులో అమ్మి మమ్మల్ని చదివించింది. కానీ ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. మా వీధిలో ఆడవాళ్ళు పడవ ముక్కుకి పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, కొబ్బరికాయ కొడతారు. ఎక్కరు. ఎవరూ వద్దని చెప్పగా నేను వినలేదు. అన్నాన్ని తొక్కకూడదని మనకి ఎవరు చెప్పారు? ఇదీ అంతే. జీవితమంతా సముద్రాన్ని గుమ్మంలోంచి చూసిన మనిషిని ఒక్కసారి దాని మధ్యలో కూర్చోబెట్టాలని నా కోరిక. నాన్నకి ఆ కోరిక ఉండేదో లేదో తెలీదు. తుపాన్లలో చిక్కుకుని బయటపడ్డ మనిషిని చివరికి మా ఉద్దానంలో తాగే నీళ్ళే తీసుకుపోయాయి. కిడ్నీలు పాడై పలాసలో మంచం మీద పోయాడు.

అమ్మని అడిగినప్పుడు, ఒప్పించడానికి వారం పడుతుందనుకున్నాను. ఎప్పుడని అడిగింది. చెప్పాను. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, "అప్పటికైతే పర్లేదు. ఎల్దాం" అంది. ఏం లెక్కపెట్టావని నేను అడగలేదు. లెక్కల టీచర్ని, నేనే అడగలేదు.

పలాసలో రైలెక్కేటప్పటికి ఇంకా మంచు విడలేదు. ఊరి చివర జీడిగింజలు కాల్చే వాసన పెట్టెలోకి వచ్చింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని, వెనక్కి పోతున్న జీడితోటల్ని చూస్తూ నిద్రపోయింది. నిద్రలో ఆమె ముఖం చిన్నపిల్లలా అయిపోయింది. రైలు ఊగుతుంటే మేమప్పుడే నీటి మీద ఉన్నట్టు, ఎవరో మమ్మల్ని మెల్లగా ఎక్కడికో తోసుకుపోతున్నట్టు అనిపించింది. విశాఖ రాకపోయినా బావుణ్ణు అనుకున్నాను, టైంటేబుల్ వేసుకున్న మనిషిని.

జగదాంబ దగ్గర గదిలో సంచులు పడేసి, ఇడ్లీ తిని, అమ్మని బీచ్ రోడ్డుకి తీసుకుపోయాను. నా వరసలో మొదటిది సబ్‌మెరైన్. ఇసుకలోకి లాగి నిలబెట్టిన పాత జలాంతర్గామి, లోపలికి వెళ్ళి చూడొచ్చు. టిక్కెట్లు తీసుకున్నాను. అమ్మ మెట్ల దాకా వచ్చింది, పైకి కిందికి చూసింది, చెప్పులు విప్పింది, మళ్ళీ తొడుక్కుంది.

"ఇది ఏటి?"

"నీళ్ళ కింద పోయే ఓడమ్మా. ఇప్పుడు పోదులే, ఇలా ఇసుకలోనే ఉంటుంది."

"ఓడే కదా. నాను ఎక్కను."

లోపల ఇరుకని భయపడుతోందేమో అనుకున్నాను. నచ్చజెప్పాను. వెనక జనం తోస్తున్నారు. నా కోపం నెత్తికెక్కింది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఇసుకలో ఉన్నదాన్నే ఎక్కనంటే రేపు నీళ్ళలో ఉన్నదాన్ని ఎలా ఎక్కుతావ్?" అన్నాను, అందరూ వినేలా.

అమ్మ పక్కకి జరిగి గట్టు మీద కూర్చుంది. "రేపటిదీ ఎక్కనేమో గుంటా. నీ తమ్ముడు ఇంకా ఒడ్డుకి రానేదు" అంది.

అప్పుడు తెలిసింది ఆ వేళ్ళ లెక్క. తమ్ముడు గుజరాత్‌లో వేట బోటు మీద పని చేస్తాడు, మా ఊరి మగవాళ్ళు సగం మంది లాగే. ఒకసారి లోపలికి వెళ్తే వారాల తరబడి ఫోను అందదు. మా ప్రయాణం నాటికి బోటు ఒడ్డుకి వచ్చేస్తుందని వాడు చెప్పి వెళ్ళాడట. అమ్మ ఆ ధైర్యంతోనే ఒప్పుకుంది. బోటు రాలేదు. కొడుకు నీటి మీద ఉంటే తల్లి కాలు నేల మీద ఉండాలి. ఇది అమ్మ నమ్మకం, వాళ్ళమ్మ నమ్మకం కూడా. తల్లి కూడా నీళ్ళెక్కిపోతే ఆ పిల్లాణ్ణి ఒడ్డుకి లాగేదెవరు?

"ఇంట్లోనే చెప్పొచ్చు కదా!"

"ఈలోపు వచ్చీత్తాడేమో అనుకున్నాను. నీ సరదా ఎందుకు పాడు సెయ్యాలని."

నాకు ఏడుపొచ్చింది. కోపంతోనో దేనితోనో చెప్పలేను. అమ్మ మాత్రం లేచి కొంగు దులుపుకుంది. "ఈ ఊర్లో మన మనుసులున్నారు కదే. అడుగుదాం పద" అంది.

అలా నా టైంటేబుల్ చిరిగిపోయి, విశాఖలో మా మొదటి మధ్యాహ్నం చేపల రేవులో గడిచింది. అమ్మ ఆ రేవులోకి సొంత వీధిలోకి అడుగుపెట్టినట్టే నడిచింది. బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని మెల్లగా ఊగుతున్నాయి, చేపల వాసన, డీజిలు వాసన, ఐసు పెట్టెల మీంచి లేచే పొగ. నాన్నతో కలిసి వేటకెళ్ళిన మా ఊరాయన ఒకడు అక్కడే స్థిరపడ్డాడు. వల బాగుచేసుకుంటున్నవాడు అమ్మని చూసి లేచి, "ఓలమ్మ, వదినే! దారి తప్పి వచ్చినావేటి!" అన్నాడు. సంగతి విని అక్కడికీ ఇక్కడికీ ఫోన్లు చేశాడు. చివరికి గుజరాత్‌లో బోటు యజమాని మనిషి దొరికాడు.

"గాలీ వానా ఏటీ నేదట వదినా. సేపలు బాగా పడతన్నాయని ఆగిపోయినారట. వచ్చే వారం దాకా రారు."

అమ్మ ముఖం ఒక్కసారి తేలికపడింది. బతికున్నాడు, బాగున్నాడు. వెంటనే నా వైపు చూసింది, దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిలా. వాడు రాడు కాబట్టి తను ఎక్కదు.

ఆయన నవ్వాడు. "ఆ ఓడ మన ఊరంత ఉంటాది. అది పడవేటి వదినా, ఇల్లు."

"ఇల్లయితే నీటి మీద ఎందుకున్నాది?" అంది అమ్మ. ఆయన మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు.

మూతి ముడుచుకోవడంలో నాకు పోటీ లేదు. వలల కుప్ప మీద ఇద్దరం కూర్చుని, వెళ్ళే బోట్లనీ వచ్చే బోట్లనీ చూశాం. ఎండ చల్లబడ్డాక అమ్మే నా మోచెయ్యి పట్టుకుని కుదిపింది. "నీ మనసు కట్టపెట్టినాను. ఈ ఊర్లో ఇంకేటుంటే అది సూపించు. ఏది ఎక్కమంటే అది ఎక్కుతాను. నీటి మీద తప్ప."

మాట నిలబెట్టుకుంది. కైలాసగిరికి తీగ మీద పోయే డబ్బా ముందు ఒక్క ప్రశ్నే అడిగింది, "దీనికి నీల్లు తగలవు కదా?" అని. తగలవన్నాను. అంతే, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చుంది. డబ్బా నేలని వదిలేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను, ఆమె మూసుకోలేదు. కింద చెట్ల తలలు, పక్కన సముద్రం, గాలి. "పచ్చులకి ఇలాగ అగుపిత్తాదా?" అంది, నన్ను కాదు, ఎవర్నో. కొండ మీద చిన్న రైలు ఎక్కింది. దిగి వచ్చాక ఒక పెద్ద షాపులో కదిలే మెట్లెక్కింది, చాలక కిందికొచ్చి మళ్ళీ ఎక్కింది. మురీ మిక్చర్ తింటూ, "రేపు పొద్దున్న ఇంకేటెక్కుదాం?" అని అడిగింది. నేను నవ్వేశాను. అమ్మ పక్కన ఇంత తేలిగ్గా నడిచిన సాయంత్రం నాకు గుర్తు లేదు. అంతకుముందు కొండ మీంచి చూసినప్పుడు లంగరు వేసిన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. సముద్రం ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీలేదు. ఈ నీళ్ళే మా ఊరి ఒడ్డుకీ కొడుతుంటాయని అమ్మ అంది. నిజమే, కానీ ఆ మాట ఆ సాయంత్రం కొత్తగా వినిపించింది.

పొద్దున్న అసలు గొడవ మొదలైంది. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనని తేల్చేశాను. అమ్మ తల దువ్వుకుంటూ, చాలా మామూలుగా, నన్ను వెళ్ళమంది.

"ఒక్కదాన్ని ఎందుకు? నీ కోసం కదా వచ్చింది!"

"నీకేటి అడ్డు? నీ మనిసి ఇంటికాడే ఉన్నాడు. నీ పిల్లలు నేల మీదే ఉన్నారు. ఎల్లు. మనింట్లో ఆడది ఒక్కతైనా సూడాల కదే, అక్కడ ఏటున్నాదో."

"నువ్వు చూడాలని నా కోరికమ్మా."

"నాను ఒడ్డున ఉంటాను. ఇద్దరికీ సరిపోద్ది." ఇద్దరంటే తమ్ముడూ నేనూ.

తమ్ముడు ఆ పై వారం క్షేమంగా ఒడ్డు చేరి, "ఎక్కీవలిసింది కదే అమ్మా" అని ఫోన్లో తిట్టాడు. ఆ పొద్దున్న మాకు అదేమీ తెలీదు. తెలిసినా అమ్మ ఎక్కేది కాదు. వాదించీ వాదించీ నేనే ఓడిపోయాను. ఓడిపోయాక మనసులో ఒక మూల వెళ్ళాలనే ఉందని తెలిసింది. సిగ్గేసింది, అయినా ఉంది.

నేను తిరిగొచ్చేదాకా అమ్మ రేవు దగ్గర ఆ ఊరాయన ఇంట్లో ఉండేలా ఏర్పాటైంది. ఓడరేవు గేటు దాకా నాతో వచ్చింది. దూరంగా తెల్లగా అంత ఎత్తున ఉన్న ఓడని చూసి, దాని ముక్కు ఎటు వైపని అడిగింది. కొంగు ముడి విప్పితే పసుపు, కుంకుమ. లోపలికి రానివ్వరమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి వంగింది, నా చక్రాల పెట్టె ముందు వైపు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. లోపల పెట్టెలు తనిఖీ చేసే అతను ఆ బొట్లు చూసి నన్ను చూశాడు. ఏం అడగకుండా దణ్ణం పెట్టినట్టు తల వంచి, పెట్టె ముందుకి తోశాడు.

ఓడ కదిలినట్టే తెలీలేదు. రేవే వెనక్కి జరుగుతున్నట్టుంది. పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. చుట్టూ జనం ఫొటోలు, కేకలు. డాల్ఫిన్ నోస్ కొండ మెల్లగా పక్కకి తప్పుకుంది. ఫోన్ మోగింది.

"రాల్ల మీద నిలబడ్డాను. నీ ఓడ అగుపిత్తంది" అంది అమ్మ.

ఒడ్డు వైపు చూశాను. రాళ్ళు, రాళ్ళ మీద నల్లటి చుక్కలు, వాటి వెనక ఊరు. ఆ చుక్కల్లో ఏది మనిషో ఏది రాయో చెప్పలేను. అయినా చెయ్యెత్తి ఊపుతున్నాను.

"నువ్వూ కనిపిస్తున్నావమ్మా."

"అగుపిత్తన్నానా? ఏటి సేత్తన్నాను మరి?"

"చెయ్యి ఊపుతున్నావు."

అమ్మ నవ్వింది. గాలికి ఆ నవ్వు సగమే వినిపించింది. "మీ నాన్న కూడా ఒడ్డుకొచ్చి ఇదే సెప్పీవోడు. నువ్వు సెయ్యి ఊపినావు, నాను సూసినాను అని. ఒక్కనాడూ ఊపనేదే గుంటా. ఊపితే ఎల్లిపొమ్మన్నట్టు ఉంటాదని."

నేను చెయ్యి దించేశాను.