ముఖం ఒక్కటే మసకబెట్టిన ఫొటో

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నా పని లెక్కపెట్టడం. ఎనిమిదితో బడి మానేసినా, దొంతిని చూసి ఎన్ని పలకలున్నాయో చెప్పగలను. అందుకేనేమో, పేపరులో ఫొటో చూసినా ముందు లెక్కే వేస్తాను.

మా దగ్గర పలకలకు చెక్క చట్రాలు బిగించే ఒకామె కూతురు తొమ్మిదో తరగతి. తండ్రి పెళ్లి కుదిర్చాడు. అధికారులు వచ్చి ఆపారు. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఆ వార్త రాసిన విలేకరికీ నాకూ తేడా ఉండదు. మర్నాడు పేపరులో పిల్ల ఫొటో వచ్చింది. ముఖం మసకబెట్టారు. కిందనే ఊరి పేరు, పిల్ల తరగతి, తల్లి చేసే కూలి. ఆ ఊళ్లో తొమ్మిది చదివే ఆడపిల్లలు ముగ్గురు. ఇద్దరు హాస్టల్లో ఉంటారు. మూడులోంచి రెండు తీసివేయడం ఆ మహానుభావుడికి ఏ కాలేజీలోనూ నేర్పినట్టు లేదు.

పిల్ల బడికి పోనని తలుపేసుకుని కూర్చుంది. "ఇప్పుడు బడి మానిందంటే వాళ్ల నాయన మళ్లీ పెళ్లి మాటెత్తుతాడక్కా," అని తల్లి ఏడ్చింది.

టీ దుకాణం దగ్గర విలేకరిని పట్టుకున్నాను. అతని బండి మీద ప్రెస్ అన్న అక్షరాలు నంబరు కంటే పెద్దవి.

"ఏంది నాయనా, ఆ పిల్ల ఫొటో అట్ల వేసినావు?"

"ముఖం కనపడకుండా చేసినా గదక్కా. రూల్సు తెలుసు మాకు."

"పిల్ల నెత్తి మీద ఏముందో చూసినావా?"

పేపరు దగ్గరికి పెట్టుకుని చూశాడు. మా వైపు వేడుక అయిపోయాక ఫ్లెక్సీని పారేయం. వసారాకు నీడగా కడతాం. వాళ్లింటి ముందు కట్టింది ఆ పిల్ల ఓణీల వేడుకది. మసకబెట్టిన తలకు పైన అదే తల, నాలుగింతలు పెద్దగా, నవ్వుతూ, పేరుతో సహా ఉంది.

"అబ్బ, ఫ్లెక్సీ భలే క్లియర్‌గా పడింది!" అన్నాడు. సిగ్గుపడలేదు. తన కెమెరాను మెచ్చుకున్నాడు.

"ఫోన్లో వచ్చే పేపర్లోంచన్నా తీయించు."

"తీయిస్తాలే. పిల్ల బడికి పోయే రోజు మాత్రం చెప్పక్కా. ఇంకో ఫొటో కొడతా. మన వార్తకు స్పందన అని వేస్తారు."

పిల్ల ఏడిస్తే ఒక ఫొటో, కళ్లు తుడుచుకుంటే ఇంకొకటి. ఇలాంటి వాళ్లకు పిల్లలంటే అంతే.

ఐదుసార్లు ఫోన్ చేస్తే గాని ఆ ఫొటో తీయించలేదు. ఆ ఊరికి వచ్చే పేపర్లు పద్నాలుగు. తల్లీ నేనూ ఇల్లిల్లూ తిరిగి పది పోగేశాం. వాటిలో ఒకటి బజ్జీల నూనె పీల్చి దొరికింది. మిగతావి దొరకలేదని పిల్లకు దాచకుండా చెప్పాను.

"నాలుగే గదా పెద్దమ్మా, పోతాలే," అంది.

సోమవారం దింపడానికి పోయాం. ఎవరు చెప్పారో, బడి గేటు దగ్గర అతను కెమెరాతో సిద్ధంగా ఉన్నాడు. అడ్డం నిలబడ్డాను.

"నాది తీసుకో నాయనా. నలభై తొమ్మిదేళ్లు. పేరు కూడా వేసుకో."

"నీ ఫొటో ఎవురిక్కావాలక్కా, పక్కకు జరుగు!"

అతను ఎడమకు పోతే ఎడమకు, కుడికి పోతే కుడికి పోయాను. పిల్ల లోపలికి పోయి తరగతిలో కూర్చునేదాకా జరగలేదు.