ఆయుధపూజ నాడు ఆగిన బ్యాటరీ

దసరా సెలవులకు ఊరెళ్తూ, నా బ్యాటరీ జోలికి ఎవరూ పోవద్దని కనబడిన వాళ్లందరికీ చెప్పాను. నా నోటి సంగతి తెలిసినవాళ్లే కాబట్టి అందరూ తలలూపారు.

గుంటూరులో మా కాలేజీ ల్యాబులో నేను చేస్తున్నది సోడియం, గంధకం బ్యాటరీ. ఒకటి ఉప్పులో ఉండేది, ఇంకొకటి మిరపతోటల్లో బూడిద తెగులుకు చల్లేది. రెండూ చవకే. కానీ ఈ జాతి బ్యాటరీలు మామూలుగా కొలిమంత వేడిలోనే పనిచేస్తాయి. వాటిని గది ఉష్ణోగ్రతకు దించాలని మా తంటా. దించితే గంధకం లోపలి ద్రవంలో కరిగి సోడియం వైపు జారుకుంటుంది. వాడకపోయినా ఛార్జి కారిపోతుంది. ఈసారి మంగళగిరి నేతగుడ్డను గాలి తగలకుండా కాల్చి, గంధకం దాటకుండా ఆ బొగ్గుగుడ్డను మధ్యలో అడ్డం పెట్టాను.

"ఇదీ పోతే వేరే అంశం చూసుకుందాం అమ్మా" అన్నారు మా గైడు. అప్పటికి నాలుగేళ్లు దీనికే ధారపోశాను. మళ్లీ మొదటికి వెళ్లే ఓపిక నాకు లేదు.

పండగయ్యాక వచ్చి చూద్దును కదా, రాత్రింబవళ్లు బ్యాటరీని నింపుతూ ఖాళీ చేస్తూ ఉండాల్సిన యంత్రం ఆగిపోయి ఉంది. దానికి బంతిపూల దండ, పసుపు, పెద్ద కుంకుమ బొట్టు.

"ఎవరాపారు బాబాయ్ దీన్ని?" మా ల్యాబు అటెండరు మీద అరిచాను.

"నేనేనమ్మా. నవమి నాడు ఆయుధపూజ గదా! పండగపూటన్నా దానికి కాస్త రెస్టుండొద్దా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. గైడు వచ్చి రికార్డు చూశారు. నిండా ఛార్జి ఎక్కాకే ఆగింది.

"ఊరికే ఉంచితే ఎంత నిలుస్తుందో చూడాలని ఎప్పట్నించో అనుకుంటున్నాం. భయపడి వాయిదా వేస్తున్నాం. బాబాయ్ చేసేశాడు. మిగిలిందెంతో కొలువు" అన్నారు.

కొలిచాను. తెర మీద గీత దిగుతుందేమోనని చూస్తూ భోజనం మానేశాను. అది తొణక్కుండా సాగింది. సాయంత్రానికి, ఎక్కించిన ఛార్జి దాదాపు అంతా తిరిగొచ్చింది. అంటే బొగ్గుగుడ్డ గంధకాన్ని ఆపిందన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. గైడు వేరే అంశం మాటే ఎత్తలేదు.

గుమ్మం దగ్గర అటెండరు ఇంకా బిక్కమొహంతో నిలబడే ఉన్నాడు.

"తప్పు చేశానా అమ్మా?"

"చేశారు బాబాయ్. వచ్చే దసరాకీ చెయ్యండి. కాకపోతే నాకు చెప్పి చెయ్యండి."