మా వదిన ఉరుకుడు

మా వదిన పోయింది. మొన్న పొద్దుగాల అన్న ఫోన్ చేసి, "మీ వదిన లేదు" అని మాత్రం అన్నడు. ఆమె దవాఖానల చేరినప్పటి సంది భయపడుతున్న మాటనే. అయినా పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే లేవలేకపోయిన.

మీలో కొందరికి ఆమె మారథాన్ రన్నర్‌గా యాదికుండొచ్చు. ఉరుకుడే ఆమె నౌకరీ. దేశంల ఏ పట్నంల పందెం ఉన్నా పోయేది. నాకు మాత్రం, తొంభైలల్ల ఉప్పుగూడల మా ఇంటికి కోడలుగా వచ్చిన వదిన. నేనప్పుడు డిగ్రీ చదువుతున్న. ఆమెను చూసి కుళ్లుకున్నంత నేను ఇంకెవరిని చూసీ కుళ్లుకోలే.

మొదట్ల అమ్మకు కోడలు ప్యాంటేసుకొని ఉరుకుడు నచ్చలే. బస్తీల తల ఎట్ల ఎత్తుకోవాలెనని లొల్లి చేసింది. వదిన ఎదురు చెప్పలే, మానలే. చీకటితోనే లేచి హుస్సేనీ ఆలం దాక ఉరికొచ్చి బాసాన్లు తోమేది. ఒకనాడు ఆమె మేజోళ్లు విప్పుతుంటే కాలిగోరు ఊడి వచ్చింది. అమ్మ చూసింది. నీళ్లు కాగబెట్టింది. ఆనాటి సంది రోజూ కోడలి పిక్కలకు నూనె రాసుడు మొదలువెట్టింది. నా తలకు నూనె పెట్టమంటే "నీ చేతులకేమైంది" అనే మా అమ్మ.

బస్తీల కూడా గంతే. పాల దుకాణం భాయ్ నన్ను చూస్తే "భాభీ కైసీ హై?" అని వదిన బాగోగులే అడిగేటోడు. నేను ఫస్ట్ క్లాసుల పాసైన వారమే వదిన ఇంకో ఊర్ల పందెం గెలిచింది. ఇంట్ల మిఠాయి పంచిన్రు. దేనికి పంచిన్రో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఒక ఆదివారం మన పట్నంలనే పందెం పెట్టిన్రు. అమ్మ, నేను నీళ్ల సీసాతోని రోడ్డు పక్కన నిలబడ్డం. వదిన అందరికన్న ముందల వస్తున్నది. అమ్మ సీసా అందించుకుంట ఆమె పక్కపొంటి ఉరికింది. బస్సు వెళ్లిపోతున్నా నిదానంగ నడిచే మనిషి. నా కోసం ఎన్నడన్నా గిట్ల ఉరికిందా అని నేను అనుకునేటాళ్లకే చెప్పు తట్టుకొని బోర్ల పడ్డది. వదిన ఆగింది. అమ్మను లేపి, మోకాళ్లు చూసి, మళ్ల ఉరుకుడు అందుకునేసరికి ఇద్దరు దాటిపోయిన్రు. ఆమె మూడోది వచ్చింది.

"నా వల్లనే ఓడిపోయినవ్ బిడ్డా," అని ఇంట్ల అమ్మ ఏడ్చింది.

వదిన కోపం దాసుకునే మనిషి కాదు. "అవును అత్తమ్మా. ఇంకోసారి నువ్వు రాకు. నీళ్లకు పిల్ల వస్తది," అని నన్ను చూపించింది.

నన్ను అడగనే లేదు. అయినా సెలవు దొరికినప్పుడల్లా నేనే పోయిన. సీసా పట్టుకొని పక్కన కొంచెం ఉరికేటాళ్లకే నాకు రొప్పొచ్చేది. ఆమె ఊపిరి చప్పుడే వినపడకపోయేది. దాంతోని నా కుళ్లు ఇంకా పెరిగింది.

"గింత దూరం ఎట్ల ఉరుకుతవ్ వదినా?" అని ఒకసారి అడిగిన.

"దూరం సంగతి తలువ. ముందల పోయేదాని వీపు చూస్త. కడుపు మండుతది. గా మంటతోనే పోత."

"మరి నువ్వే ముందున్నప్పుడు?"

"అప్పుడే కష్టం పిల్లా."

ఆమెకు కూడా నా రోగమే ఉన్నదని ఆనాడు తెలిసింది. ఆమె దాన్ని పనిలో పెట్టింది, నేను పెట్టలేకపోయిన.

మొన్న అంత్యక్రియలకు ఆమెతోని ఉరికిన ఆడోళ్లు వచ్చిన్రు. ఒకామె "మా అక్క, మా అక్క" అని ఏడుస్తుంటే, కాదు, మా వదిన అందామని నోటిదాక వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటినంక వదినకు మోకాలు చెడి, డాక్టర్ ఉరకొద్దన్నడు. గా రోజులల్లనే ఒకనాడు ఇద్దరం ఉప్పుగూడ స్టేషన్‌కు పోయినం. మేం ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి లోకల్ రైలు కదిలింది. ఇంకోటి వస్తది తియ్యి అన్న. వదిన చెప్పులు చేతిలకు తీసుకున్నది, కుచ్చిళ్లు ఎత్తిపట్టింది. డబ్బా ఎనక డబ్బా దాటుకుంట ఉరికి, ఆడోళ్ల డబ్బా కమ్మీ అందుకొని ఎక్కింది. నేను ఎనకనే నిలబడిపోయిన. తలుపు కాడ ఆమె నా దిక్కు తిరిగి నవ్వుతున్నది. ముడి ఊడిన జుట్టు గాలికి ఎగురుతున్నది. రైలు మలుపు తిరిగేదాక, చెప్పులున్న చెయ్యి ఊపుకుంటనే ఉన్నది.