పోశవ్వ చేతికి పిడి

అమీర్‌పేటలో కత్తి కావాలంటే ఐలయ్య కొలిమికి పోవాలి. అక్కడ తీరిక లేదంటేనే నా దగ్గరికి రావాలి. ఈ మాట ఇంకెవరో అనేలోగా నేనే అనేస్తున్నాను. నా పేరు ఆనందం. సిద్దిపేట దగ్గర సాలెవాళ్ళ ఇంట్లో పుట్టాను. మగ్గం ముందు కూర్చోవలసిన మనిషిని. యుద్ధం వచ్చి నూలు దొరక్కుండా పోయింది, మగ్గం మూలపడింది, నేను నా భార్య చిలకమ్మను వెంటబెట్టుకుని పట్నం దారి పట్టాను.

ఐలయ్య దగ్గర కమ్మరం నేర్చుకున్నాను. కనీసం నేర్చుకున్నానని నేను అనుకున్నాను. "ఇనుము కొడుతున్నవా, బట్టలు ఉతుకుతున్నవా?" అనేవాడు ఆయన. నేను చేసిన మొదటి చాకు ఉల్లిగడ్డను నలిపింది తప్ప కోయలేదు. రెండోది బాగానే కోసింది, నా వేలిని. చివరికి పంజాగుట్ట రోడ్డు పక్కన గుడిసె వేసుకుని సొంతంగా కొలిమి పెట్టుకుంటానంటే ఆయన అడ్డు చెప్పలేదు. "నేను నేర్పిన అని మాత్రం ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

పాత మోటార్ల కింద ఉండే ఉక్కు కమాన్ పట్టీలు తెచ్చి కత్తులు సాగగొట్టేవాడిని. కత్తి ఎలా ఉన్నా, కొలత మాత్రం నాది గొప్పది. వచ్చినవాళ్ళను పిడికిలి బిగించమనేవాడిని. ఆ పిడికిలి చుట్టూ నూలుదారం తిప్పి, ముడి వేసి, గోడకున్న మేకుకు తగిలించేవాడిని. ఆ దారం చూసుకుంటూ పిడి చెక్కేవాడిని. ఈ కొలత పట్నం మొత్తంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడిని. ఇంకే కమ్మరీ ఎందుకు ఇలా చేయడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ వానాకాలం పోశవ్వ వచ్చింది. పంజాగుట్ట అవతల బీళ్ళలో గడ్డి కోసి, ఒక నవాబు దేవిడీలో గుర్రాలకు మోపులు వేసే మనిషి. కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచి ముదిరిందట. పుండు మానింది కానీ వేలు కట్టెలా బిగుసుకుపోయింది.

"వేలు వంగుతలేదు కొడుకా. కొడవలి పట్టుకుంటే జారుతున్నది. సగం మోపు సుత అయితలేదు. సోమారం నాడు నిండు మోపు తేకపోతే ఇంకొకదాన్ని పెట్టుకుంట అన్నడు గుర్రాల దారోగా."

"మరి ఏం జేస్తవు అవ్వా?"

"ఏం జేస్త? మా తమ్ముని ఇంటికి పోవాలె. మరదలు పెట్టింది తినుకుంట, తిట్టింది వినుకుంట పడి ఉండాలె. గా బతుకు నాతోటి కాదు."

కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చెయ్యి నా ముందుకు చాపింది. నాకు నిజంగా పాపమనిపించింది. పాపమనిపిస్తే నోరు మూసుకుని పని చేసేవాళ్ళు ఉంటారు. నేను ఆ రకం కాదు.

"ఫికర్ జెయ్యకు అవ్వా! నీ చేతికి తప్ప ఇంకెవ్వల చేతికి పట్టని గడ్డికత్తి జేసిస్త. నవాబు సుత వచ్చి చూసి పోవాలె!"

వంగని వేలితో సహా ఆమె పిడికిలి చుట్టూ దారం తిప్పి మేకుకు తగిలించాను. కత్తి ఎలాగో కుదిరింది. తుమ్మకర్ర తెచ్చి, దారం చూసి చూసి పిడి చెక్కాను. అక్కడితో ఆగితే నేను ఆనందాన్ని ఎందుకవుతాను? పిడి చివర నెమలిని చెక్కాను. నెమలి అని నేనన్నాను. చూసినవాళ్ళంతా కోడి అన్నారు. ఆ వారమంతా మేకు ఉన్న గోడ మీదుగా గుడిసె కురుస్తూనే ఉంది. కురిస్తే కురవనీ అనుకున్నాను, నెమలికి కన్ను పెట్టే పనిలో ఉన్నాను మరి.

ఆదివారం పొద్దున పోశవ్వ వచ్చింది. ఐలయ్యను కూడా పిలిపించాను, చూసి కుళ్ళుకుంటాడని. దారిన పోయేవాళ్ళు నలుగురు ఆగారు. పోశవ్వ పిడిని పట్టుకుంది. అది ఆమె చేతిలో గిర్రున తిరిగింది. మళ్ళీ బిగించి పట్టుకుంది. జారి కింద పడింది.

"సన్నగైంది కొడుకా."

"సన్నగెట్లయితది? కొలిచి జేసిన! నీ చెయ్యే వాచినట్టున్నది!" అని అరిచాను. సిగ్గులేకపోతే సరి, కష్టంలో ఉన్న మనిషి మీద అరవడానికి ఏమడ్డం?

ఐలయ్య కత్తి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కోడి మంచిగున్నది" అన్నాడు.

చిలకమ్మ లోపలినుంచి వచ్చి మేకుకున్న దారం తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"వానకు తడిసి ముడుచుకపోయింది గదయ్యా! సాలోళ్ళ ఇంట్ల పుట్టినవు, పచ్చినూలు తడిస్తే కురచైతదని తెల్వదా? మా దిక్కు ఆరేండ్ల పోరికి సుత ఎరుకే!"

అందరూ పడీపడీ నవ్వారు. పోశవ్వ ఒక్కతే నవ్వలేదు. కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"పోనీ తియ్యి కొడుకా. నువ్వేం జేస్తవు? రేపే గద సోమారం. పోయి మూట గట్టుకుంట."

తిట్టినా బాగుండేది. కొత్త పిడి చెక్కి బిగించాలంటే ఒక్కరోజులో కాదు. ఐలయ్య కూడా తల అడ్డంగా ఊపాడు.

చిలకమ్మ పోశవ్వను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంట్లో మిగిలిన నూలు తెచ్చి, గంజిలో ముంచి, పిడి చుట్టూ చుట్టడం మొదలుపెట్టింది.

"కత్తికి నూలు చుడతరానే? జనం నవ్వుతరు!" అన్నాను.

"ఇప్పుడు నవ్వుతలేరా?"

"అది సుత ముడుచుకపోతది!"

"పోనియ్. ముడుచుకపోతే పిడిని ఇంకింత గట్టిగ పట్టుకుంటది. నువ్వు జర ఆ ఉండ పట్టుకో."

పట్టుకున్నాను. ఒక్కొక్క వరస చుట్టగానే పోశవ్వ చేతికిచ్చి చూసేది. "ఇక్కడ ఆనుతున్నదా అక్కా? ఇక్కడ?" వంగని వేలు ఆనేచోట నూలు ఎత్తుగా పేర్చింది. నా నెమలి నూలు కిందికి పోయింది. ఎవరూ బాధపడలేదు. సాయంత్రానికి కొలిమి సెగకు ఆరబెట్టి, పైన మైనం రుద్దింది. తిత్తి ఊదే పని నాకు దొరికింది. పోశవ్వ కత్తిని పట్టుకుని రెండుసార్లు గాలిలో ఆడించింది. కొంగులో చుట్టుకుని పోయింది.

సోమవారం బీళ్ళ దాకా పోయి చూసే ధైర్యం నాకు లేదు. పొద్దంతా ఇనుము కొట్టాను, ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. పొద్దు గుంకే వేళకు పోశవ్వ నెత్తిన పచ్చిగడ్డి మోపుతో వచ్చి గుడిసె ముందర ధబీమని పడేసింది.

"ఏమన్నడు దారోగా?" అంటూ ఉరికాను.

"ఏమంటడు? మోపు జూసిండు, రేపు సుత తెమ్మన్నడు. ఇది రెండో మోపు, మీకు."

అని వెనక్కి తిరిగి చకచకా పోయింది. మాకు ఆవు లేదు, మేక లేదు, ఇంట్లో పిల్లి కూడా లేదు.

"మన ఇంట్ల గడ్డి తినేది ఎవ్వరే?" అన్నాను. చిలకమ్మ నా వైపు చూసింది. నేను మళ్ళీ అడగలేదు.

మేకలున్న పక్కింటాయన రెండుసార్లు అడిగినా ఆ మోపు ఇవ్వలేదు. వానకు తడవకుండా చూరు కిందికి లాగి, అది ఎండి పసుపుపచ్చగా మారేదాకా దాని పక్కనే కూర్చుని పని చేసుకున్నాను. పోశవ్వ కోసిన గడ్డి మరి.