హాలు గోడకు మట్టిరంగు

ఏలూరులో ఫ్లాట్ కొనుక్కున్నాక హాలు గోడకు మట్టిరంగే వేయించాలని పట్టుబట్టాను. ఫోన్లో ఎవరి ఇల్లో చూసి మోజుపడ్డాను, అంతే. పెయింటరు షేడ్ కార్డు తెచ్చాడు, నంబరు చూపించాను. తీరా గోడ మీద వేస్తే ఒకసారి బిస్కెట్టు రంగు, ఇంకోసారి ఇటుక రంగు. మూడోసారికి అతనికీ నాకూ మాటా మాటా పెరిగింది.

గృహప్రవేశానికి వారం ముందే అమ్మ కైకలూరు దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. చేపల చెరువుల మీద పనికి వెళ్లొచ్చి, పండగ ముందు పేడా ఊకా కలిపిన మట్టితో మా ఇంటి గోడలు తన చేత్తోనే మెత్తిన మనిషి. తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదువుకున్నన్నాళ్లూ నేను ఆ గోడల సంగతి ఎవరికీ చెప్పలేదు. మాది డాబా ఇల్లనేదాన్ని.

అమ్మ గోడను కాసేపు చూసింది. "ఎరుపెక్కువైంది బాబూ. పసుపు ఇంకాస్త పోసి, నలుపు ఒక్క చుక్క వెయ్యండి. తడి మీద చూసి తేల్చెయ్యకండి, రేపు ఎండొచ్చాక చూద్దాం" అంది.

పెయింటరు నవ్వుకుంటూనే కలిపాడు. మర్నాడు పొద్దున్న చూస్తే నాకు కావలసిన రంగు. "తమరు ముందే వచ్చుంటే నాకీ తిప్పలు తప్పేవండీ" అన్నాడు అమ్మతో. అమ్మ ఆ రోజంతా అటూ ఇటూ తిరుగుతూ గోడను చూసుకుంటూనే ఉంది.

గృహప్రవేశానికి మా ఆఫీసు మేడమ్ గారు వచ్చారు. గోడ మీద చెయ్యి వేసి, "ఎంత బాగుందండీ! ఈ రంగు ఎవరు చెప్పారు?" అని అడిగారు.

అమ్మ పక్కనే తాంబూలాలు సర్దుతోంది. "మా అమ్మే" అంటే సరిపోయేది. కానీ ఆవిడకెలా తెలుసని అడుగుతారు, మట్టిగోడలూ పేడా చెరువు పనీ అన్నీ బయటికొస్తాయి. నా నోరు నా మాట వినలేదు అని ఇప్పుడు చెప్పుకోవచ్చు, అది కూడా అబద్ధమే. తెలిసే అన్నాను, "హైదరాబాద్ డిజైనరండీ" అని.

మేడమ్ గారు అంతటితో వదల్లేదు. అమ్మ వైపు తిరిగి, "మీరూ చూశారాండీ ఆ డిజైనర్ని?" అన్నారు.

అమ్మకు అబద్ధమంటే ఒళ్లుమంట. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఎవరి మీదో చెప్పినందుకు ఒక పూట నాతో మాట్లాడలేదు.

"చూశానండీ. మంచి పిల్ల. రెండ్రోజులు దగ్గరుండి మరీ వేయించింది. మాకేం తెలుస్తాయండీ ఇవన్నీ" అంది అమ్మ, తమలపాకులు తుడుస్తూ.

ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అబద్ధమాడినందుకు కొంత. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా అందుకున్నందుకు ఎక్కువ. తన గురించి నేను సిగ్గుపడతానని ఆమెకు ఎన్నేళ్లుగా తెలుసో.